ఖేల్ మాఫీ

కాశీ యాత్ర పెత్తనం ఖతర్ ఎడారిలో తేలవలసి వస్తుందని సుధాకరరావుగారు ఏనాడూ అనుకోలేదు. అనుకోనివి జరగడం ఆయనకు గిట్టదు. ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖలో పనిచేసి, కాకినాడలో డిప్యూటీ డైరెక్టరు హోదాలో పదవీ విరమణ పొందిన మనిషి ఆయన. కొలతకు అందిన నేల మీద తప్ప కాలు పెట్టరని శాఖలో ప్రతీతి. ఇంట్లో వంటగది నుంచి వీధి గుమ్మానికి ఎంత దూరమని అడిగితే అంగుళాలతో సహా చెప్పగలరు; అడగకపోయినా చెప్పగలరు.

మూడు వారాల క్రితం ఆయనా, భార్య శ్యామలా అల్ రయ్యాన్‌లో కాపురమున్న కూతురు మాలతి ఇంటికి వచ్చారు. సరిగ్గా అదే వారంలో అల్లుడు గంగాప్రసాద్ తల్లిదండ్రులు గజేందర్‌గారూ, సుమలతా జగిత్యాల నుంచి వచ్చి దిగారు. గజేందర్‌గారు ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైనవారు. ఎన్నివేల బస్సులను ఎన్నివేల ఊళ్ళకు పంపారో ఆయనకే లెక్క తెలియదు. దారి కొలిచిన మనిషి ఒకరూ, దారి మీదికి జనాన్ని తోలిన మనిషి ఒకరూ ఒకే కప్పు కింద చేరితే మర్యాదలకు లోటుండదు గాని, మనశ్శాంతికి ఉంటుంది.

ఫాల్గుణంలో నలుగురూ కలిసి కాశీ వెళ్ళాలని వచ్చిన రెండో రోజునే అనుకున్నారు. ఆ యాత్రకు పెద్ద ఎవరు? టిక్కెట్లు ఎవరి జేబులో ఉండాలి, తెల్లవారుజామున అందరినీ ఏ గంటకు లేపాలి, ఏ సత్రంలో దిగాలి, ఏ ఘాట్ ముందు చూడాలి అన్నవి ఎవరు చెబితే మిగతావారు వినాలి? ఇద్దరు మగవారూ ఇది తేలిపోయిన విషయమే అనుకున్నారు. తేలినది ఎవరి పేరన్న దగ్గరే పేచీ. చివరకు సుమలతా శ్యామలా వంటింట్లో కూర్చుని ఒక తీర్పు తయారుచేశారు. ఇక్కడ నాలుగు శుక్రవారాలు ఉన్నాయి, చెరి రెండూ పంచుకుని ఊరు చూపించండి, ఎవరు చూపించినది మాకు బాగుంటే కాశీకి వారే పెద్ద అని.

మొదటి శుక్రవారం గజేందర్‌గారు అందరినీ చెక్క పడవ ఎక్కించి సముద్రంలో తిప్పారు. పడవవాడు పాటలు కూడా పెట్టాడు. రెండవ శుక్రవారం సుధాకరరావుగారు ఒక మ్యూజియానికి తీసుకువెళ్ళారు. శుక్రవారం ఉదయం అది తెరవరట. ఆయన నిరుత్సాహపడకుండా నలుగురినీ ప్రహరీ చుట్టూ నడిపించి, చుట్టుకొలత ఎంతో చెప్పి వెనక్కి తీసుకొచ్చారు. మూడవ శుక్రవారం గజేందర్‌గారు బజారులో ఒక పెషావరు దుకాణదారుతో ఉర్దూలో గంటసేపు బేరమాడి, దిండ్లతో పాటు ఆ దుకాణదారు ఇంటి భోజనానికి పిలుపు కూడా సంపాదించుకొచ్చారు.

ఇక మిగిలింది నాలుగవ శుక్రవారం. మంగళవారం నలుగురికీ తిరుగు విమానం. సుధాకరరావుగారు దోహాకు పడమరగా, షహానియా వైపున్న గుర్రాల క్షేత్రాలను గురించి విచారించి, నసీమ్ అనే పేరు గల క్షేత్రానికి నాలుగు పేరాల ఇంగ్లీషు లేఖ రాశారు. శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి దయచేయండి, మేలుజాతి గుర్రాలను చూపుతాము, చిన్న ప్రదర్శన కూడా ఉంటుంది అని జవాబు వచ్చింది. ఆ జవాబును ఆయన భోజనాల బల్ల దగ్గర రెండుసార్లు చదివి వినిపించారు. రెండవసారి గజేందర్‌గారు మజ్జిగ కోసం లేచి వెళ్ళారు.

ఆ శుక్రవారం గంగాప్రసాద్ ఇంట్లో లేడు. మెసయీద్ ఎరువుల ఫ్యాక్టరీలో షట్‌డౌన్ డ్యూటీ. అందుచేత మాలతే కారు నడిపింది. ముందు సీట్లో సుధాకరరావుగారు, వెనుక గజేందర్‌గారూ, ఇద్దరు వియ్యపురాళ్ళూ. జనవరి ఉదయం కనుక ఎండ మెత్తగా ఉంది. రోడ్డుకు రెండు వైపులా లేత గోధుమరంగు నేల, అక్కడక్కడ ముళ్ళ పొదలు, కంచెలు. మాలతి అలవాటు ప్రకారం ఫోను ముందు పెట్టి దారి చెప్పమని దానిని అడిగింది. సుధాకరరావుగారు ఆ ఫోనును మర్యాదగా బోర్లించారు. యంత్రం చెప్పినచోటికే వెళ్ళేటట్టయితే యంత్రాన్నే పంపవచ్చునని, భూమి మీద దారి కనిపెట్టడం తన వృత్తి అని వివరించారు. క్షేత్రంవారు దారి స్పష్టంగానే రాశారు: నీళ్ళ ట్యాంకు దాటిన తరువాత ఎడమ చేతి వైపు మూడవ దారి.

నీళ్ళ ట్యాంకు దాటింది. మొదటి దారి తారు రోడ్డు. ఆయన వేలు మడిచారు. ఆ తరువాత ఇసుకలో రెండు చక్రాల జాడలు ఎడమకు పోయి, ఒక ముళ్ళ పొద దగ్గర ఆగిపోయాయి. ఆయన రెండవ వేలు మడిచారు.

"అది దారి కాదు నాన్నా," అంది మాలతి. "ఎవరో కారు తిప్పుకున్నారంతే."

చక్రాల జాడలు జంటగా పడి ఉంటే అది బండి బాట అనీ, బండి బాట దారి కిందే లెక్క అనీ, తుని దగ్గర ఒక గ్రామ పటంలో ఇటువంటిదే గుర్తించకుండా వదిలిన డ్రాఫ్ట్స్‌మన్ చేత పటమంతా తిరిగి గీయించాననీ సుధాకరరావుగారు చెప్పారు. వెనుక సీటు నుంచి గజేందర్‌గారు, అటువంటి బాట మీదికి తాను బస్సు పంపి ఉంటే డిపో మేనేజరు తనను ఇంటికి పంపేవాడన్నారు. ఈ మాట సుధాకరరావుగారికి వినపడింది గాని, వినలేదు. తరువాత వచ్చిన తారు రోడ్డు దగ్గర మూడవ వేలు మడిచి, తిప్పమన్నారు. లోకమంతటికీ అది రెండవ దారి.

రెండు కిలోమీటర్లు పోయాక పొడవైన కంచె, ఇనుప గేటు కనబడ్డాయి. బోర్డు లేదు. పేరుపడ్డ సంస్థలు బోర్డులు పెట్టుకోవని ఆయన సెలవిచ్చారు. మాలతి కారును నీడన పెట్టి వస్తానని కొంచెం ముందుకు పోయింది. పెద్దలు నలుగురూ గేటు దగ్గర దిగారు.

గేటు లోపలి నుంచి ఒక సూడానీ వృద్ధుడు వచ్చాడు. నిలువెత్తు మనిషి, తెల్లని తలపాగా, చేతిలో గడ్డి మోపు. అరబ్బీలో ఏదో అడిగాడు. సుధాకరరావుగారు గొంతు సవరించుకుని, తాము గుర్రాల సందర్శనార్థం వచ్చామని ఇంగ్లీషులో, ఒక్కొక్క అక్షరాన్నీ విడదీసి చెప్పారు. వృద్ధుడు గౌరవంగా విని, గడ్డి మోపును ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అప్పుడు గజేందర్‌గారు ముందుకు వచ్చి, కళ్ళెం పట్టినట్టు రెండు చేతులూ పైకెత్తి, ఉన్నచోటనే నాలుగు గెంతులు గెంతి, నోటితో టకటకలాడించారు. వృద్ధుడి ముఖం వికసించింది.

"ఖేల్?" అన్నాడు. తరువాత తల అడ్డంగా ఊపి, చెయ్యి గాలిలో తిప్పి, "ఖేల్ మాఫీ. మాఫీ ఖేల్," అన్నాడు.

గజేందర్‌గారు అయిదవ తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివారు. అరబ్బీకి, ఉర్దూకి చుట్టరికం ఉన్నది కనుక అరబ్బీ సగం తనకు వచ్చినట్టేనని మూడు వారాలుగా ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఇంతవరకు ఎవరూ అడ్డు రాలేదు.

"సమజైందా బావగారూ? ఖేల్ అంటే ఆట. మాఫీ అంటే మాఫీయే. పంట రుణం మాఫీ అంటం చూడు, గట్ల. ఆటకు టిక్కెట్టు మాఫీ అంటున్నడు."

తనకు తెలియని భాషను వియ్యంకుడు అనువదించి చెప్పవలసి రావడం సుధాకరరావుగారికి ముల్లులా గుచ్చుకుంది. అయినా అర్థం మాత్రం ఆయనకు సబబుగానే తోచింది. నాలుగు పేరాల లేఖలో ఒక్క తప్పయినా లేదు. అటువంటి ఇంగ్లీషు రాసినవారి దగ్గర ప్రవేశ రుసుము పుచ్చుకోవడానికి సంస్థవారికి మనసొప్పి ఉండదు. ఆయన రెండు చేతులూ జోడించి వృద్ధుడికి కృతజ్ఞత తెలిపారు. ఆయన వెనుక మిగిలిన ముగ్గురూ జోడించారు. గుర్రాలు లేవని చెప్పినందుకు నలుగురు పెద్దవాళ్ళు వరుసగా నిలబడి దణ్ణం పెట్టడం ఆ వృద్ధుడి అనుభవంలో అదే మొదటిసారి అయి ఉండాలి. కాసేపు వారిని చూసి, ఎండను చూసి, గేటు బార్లా తెరిచి "తఫద్దల్" అన్నాడు. దయచేయండి అని దాని అర్థమని గజేందర్‌గారు చెప్పారు. అది మటుకు నిజమే.

లోపల పెద్ద డేరా, దాని నిండా ఎర్ర తివాచీలు, ఆనుకోవడానికి బాలీసులు. నలుగురూ కూర్చున్నారో లేదో, తెల్లని అంగీ వేసుకున్న ఒక యువకుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పేరు ఫహద్ అన్నాడు. ఈ స్థలం తన తండ్రిదట. ఇంగ్లీషు చక్కగా మాట్లాడాడు. ఎవరు మీరు, ఎందుకు వచ్చారు అని మాత్రం ఒక్క మాట అడగలేదు. డేరాలోకి వచ్చిన అతిథిని పని అడగడం ఆ ఇంటి మర్యాద కాదని సుధాకరరావుగారికి తరువాత తెలిసింది. అప్పటికి మాత్రం, తన లేఖ చదివి ఉన్నాడు గనుక వేరే అడగవలసిన అవసరం లేదనుకున్నారు.

పొడుగాటి ముక్కున్న కూజాతో ఖహ్వా వచ్చింది. యాలకుల వాసన వేసే పలచని కాఫీ, బొటనవేలంత కప్పు. సుధాకరరావుగారు తాగి కప్పు చాచారు. పోసేవాడు మళ్ళీ నింపాడు. తాగారు. మళ్ళీ నింపాడు. ఇక చాలునంటే కప్పును అటూ ఇటూ రెండుసార్లు ఊపాలి. అది ఆ దేశపు పద్ధతి. ఆ సంగతి నలుగురిలో ఎవరికీ తెలియదు. సుమలత శ్యామలతో చెయ్యి తిప్పుతూ ఏదో చెప్పడం వల్ల రెండవ కప్పుతోనే ఆమెకు విముక్తి దొరికింది. శ్యామల ఆమెను చూసి నవ్వినప్పుడు చెయ్యి కదిలి, ఆమె కూడా బయటపడింది. మగవారు ఇద్దరూ మర్యాదస్థులు కనుక కదలకుండా, నిటారుగా, కప్పు తొణక్కుండా పట్టుకున్నారు. పైగా ఎదుటివాడు మానేదాకా తాను మానడం ఓటమి అని ఇద్దరికీ ఏకకాలంలో తోచింది. ఏడవ కప్పు దగ్గర గజేందర్‌గారి నుదుటి మీద చెమట పట్టింది. పదకొండవ కప్పు దగ్గర సుధాకరరావుగారి గుండె చప్పుడు ఆయనకే వినిపించసాగింది.

ఈ మధ్యలోనే ఆయన ఫహద్‌తో సంభాషణ సాగించారు. గుర్రం అని నేరుగా అనడం మోటుగా ఉంటుందని, మీ ఘనమైన జంతువులను గురించి చాలా విన్నామన్నారు. ఫహద్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తలవంచాడు. వాటి వంశావళి తొమ్మిది తరాల దాకా తనకు నోటికి వచ్చునన్నాడు. వాటికి ఖర్జూరం, తేనె, పాలు పెడతామన్నాడు. అన్నిటికన్నా వేగంగా పరుగెత్తేది గంటకు నలభై కిలోమీటర్లు అందుకుంటుందన్నాడు. మేలుజాతి గుర్రానికి ఆ వేగం తక్కువే అనిపించింది గాని, ఇసుక కదా అని సుధాకరరావుగారు సరిపెట్టుకున్నారు. దాని మెడ ఎంత అందంగా ఉంటుందో మీరే చూడండి అన్నాడు ఫహద్. మెడను బట్టే జాతిని చెప్పవచ్చునని సుధాకరరావుగారు అంగీకరించారు.

అప్పటికి మాలతి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. డేరా బయటకు తొంగిచూసి, గుర్రాలేవి నాన్నా, అన్నీ ఒంటెలే కనబడుతున్నాయి అంది మెల్లగా. గుర్రాలు ఒంటరితనం ఓర్వలేవని, తోడు కోసం ఒంటెలను పెంచుతారని ఆయన అక్కడికక్కడే ఒక శాస్త్రం కల్పించి చెప్పారు. చెప్పిన తరువాత తనకే కొంచెం అనుమానం వచ్చింది. కంచె వెనుక నలభై దాకా ఒంటెలున్నాయి. ఇంతమంది తోడు కావాలంటే ఆ గుర్రాలు ఎంత దిగులుపడి ఉండాలి?

డేరా వెలుపల తెల్లటి కారు తుడుస్తున్న ఒక మనిషి, లోపలి మాటలు విని తల తిప్పాడు. నిజామాబాదు జిల్లా బోధన్‌వాడు, బుర్హానుద్దీన్. పదకొండేళ్ళుగా ఫహద్ ఇంటి డ్రైవరు. తెలుగు మాట చెవిన పడగానే గుడ్డ పక్కన పడేసి పరుగున వచ్చాడు. మగవారిద్దరూ కాఫీ నుంచి తప్పించుకునే సందు దొరికిందని లేచి అతని దగ్గరకు వెళ్ళారు. ఖేల్ ఎన్ని గంటలకు మొదలవుతుందని గజేందర్‌గారు అడిగారు.

"ఏం ఖేల్ సార్?"

"గదే బాబూ, ముసలాయన చెప్పిండు గద. ఖేల్ మాఫీ అని."

బుర్హానుద్దీన్ ఇద్దరి ముఖాలూ చూశాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు.

"వీళ్ళ భాషల ఖేల్ అంటే గుర్రాలు సార్. మాఫీ అంటే లేవు. గుర్రాలు లేవు పొండ్రి అని గేటు కాడ్నే చెప్పిండు ముసలాయన. ఇది పరుగు పందాల ఒంటెలు పెంచే జాగ. గుర్రాలది పక్క రోడ్డు."

సుధాకరరావుగారు వేళ్ళను మళ్ళీ ఒక్కొక్కటిగా మడిచి చూసుకున్నారు. రెండవ వేలి దగ్గర ఆగారు. ముళ్ళ పొద దగ్గర ముగిసిపోయిన చక్రాల జాడ ఆయన కళ్ళకు కట్టింది. ఒక్క క్షణం కాశీ, గంగ, ఘాట్లు, తాను టైపు చేయించిన కార్యక్రమ పత్రం, అన్నీ కలిసి వియ్యంకుడి జేబులోకి జారిపోయాయి.

తరువాత జరిగిన తగవు గుసగుసలలోనే జరిగింది గాని, తక్కువేమీ కాదు. గుర్రాలు లేవని మొగం మీద చెబితే ఆట ఉచితమని తర్జుమా చేసినవారు ఎవరని సుధాకరరావుగారు అడిగారు. అసలు ఈ గేటు దగ్గరకు తెచ్చి దింపినవారు ఎవరని గజేందర్‌గారు అడిగారు. అయిదవ తరగతి ఉర్దూ ఎంత దూరం వస్తుందన్నారు ఈయన. పొద చుట్టూ తిరిగే బాటను రోడ్డని లెక్కబెట్టిన సర్వే ఏ ఊరిదన్నారు ఆయన. తప్పు మీదంటే మీదని అనుకుంటూ ఇద్దరూ ఆ కారు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారు. చివరకు ఒక ఒప్పందానికి వచ్చారు. విషయం ఆడవారికి తెలియనివ్వకూడదు. ఎండ ఎక్కుతోందనే సాకుతో గౌరవంగా ఫహద్ దగ్గర సెలవు తీసుకుని, చడీచప్పుడు లేకుండా పక్క రోడ్డుకు మారిపోవాలి.

సెలవు తీసుకుందామని డేరాలోకి వస్తే డేరా ఖాళీగా ఉంది. ఒంటెల సాధన వేళ అయిందని, ఫహద్ ముగ్గురు ఆడవారినీ తన పెద్ద కారులో ఎక్కించుకుని పరుగు బాట దగ్గరకు తీసుకుపోయాడు.

బుర్హానుద్దీన్ మగవారిద్దరినీ తన కారులో కూర్చోబెట్టుకుని "యల్లా" అని బయలుదేరాడు. పరుగు బాట ఎడారిలో పొడవుగా, రెండు కమ్మీల నడుమ ఉంది. దాని పక్కనే కార్లు పోవడానికి దారి. బాట మీద అయిదు ఒంటెలు మెడలు చాచి, కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు విసురుతూ పరుగెడుతున్నాయి. ఒక్కొక్కదాని వీపున ఒక రోబో. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరంత ఉంది. దానికి ఎర్ర చొక్కా తొడిగి, టోపీ పెట్టి, చేతికి కొరడా ఇచ్చారు. రోబో పొట్టలో స్పీకరు ఉంటుందని, కారులో కూర్చున్న యజమాని వాకీటాకీలో అదిలిస్తే ఒంటెకు చెవి దగ్గర వినబడుతుందని బుర్హానుద్దీన్ చెప్పాడు. ముందు ఫహద్ కారు పోతోంది. కిటికీ అద్దాలు దించి ఉన్నాయి. అందులో నుంచి, అన్నిటికన్నా వెనుకబడిన ఒంటె మీది రోబోలో నుంచి, ఏకకాలంలో ఒక గొంతు ఎడారి అంతటా మోగింది. అది సుమలత గొంతు.

"నడూ... ఏందే ఆ నడక, పెండ్లి నడకా? ఉరుకు బిడ్డా ఉరుకు. పొద్దుగాల తేనె తాగినవ్, ఖర్జూరపండ్లు తిన్నవ్, ఉరకనీకి ఏం రోగం నీకు? పక్కదాన్ని చూడు, సిగ్గులేదా?"

గజేందర్‌గారు సీట్లో కొంచెం ఒదిగి కూర్చున్నారు. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ గొంతు ఆయనకు కొత్త కాదు. ఒంటెకు మాత్రం కొత్త. మొదట చెవులు రిక్కించింది. తరువాత వెనక్కి చూడకుండా, తరుముకొస్తున్నది ఏమిటో తెలుసుకోవాలన్న కోరిక ఎంతమాత్రమూ లేకుండా, ముందున్న నాలుగింటిలో మూడింటిని దాటిపోయింది. ఫహద్ కారు హారను కొట్టుకుంటూ వెంటపడ్డాడు.

తరువాత వాకీటాకీ శ్యామల చేతికి వచ్చినట్టుంది. స్పీకరులో చాలాసేపు సంకోచం వినబడింది. ఆ పైన, "కొంచెం త్వరగా రండి బాబూ, మిమ్మల్ని తొందరపెడుతున్నామని ఏమీ అనుకోకండి. వదినగారు కంగారుపడుతున్నారు," అని ఒక సున్నితమైన మనవి. ఒంటెను మీరు అని సంబోధించడం ఆ మైదానంలో మునుపు ఎన్నడూ జరిగి ఉండదు. అది తల ఎత్తి, అడుగు మార్చి, రాజసంగా సాగింది. ఒకటవది అయింది.

సుధాకరరావుగారు కిటికీలో నుంచి చూస్తూ ఉండిపోయారు. శ్యామల నవ్వు కూడా ఆ స్పీకరులో వినబడింది. అంత గట్టిగా ఆమె నవ్వడం తాను ఎప్పుడు విన్నారో జ్ఞాపకం చేసుకోబోయి, కొలవడానికి తగిన సర్వే గొలుసు దొరకక మానేశారు.

కార్లు తిరిగి రాగానే అందరూ డేరాలోకి వచ్చారు. సుమలత గొంతు బొంగురుపోయింది. శ్యామల జుట్టంతా గాలికి రేగి ఉంది. దాన్ని సరిచేసుకునే ఉద్దేశం ఆమెకు ఉన్నట్టు లేదు. మాలతి ఫోనులో అంతా తీసుకుంది. పడవా, బజారూ దీని ముందు ఎంత అని సుమలత అనగానే సుధాకరరావుగారి వెన్ను నిటారైంది. శ్యామల భర్త దగ్గరకు వచ్చి, ఒంటెల దగ్గరకు తీసుకొస్తున్నట్టు ముందే ఎందుకు చెప్పలేదని, ఇంత ఏర్పాటు ఎప్పుడు చేశారని అడిగింది. ఆయన గొంతు సవరించుకున్నారు. చెప్పబోయేది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. సర్కారు ఉత్తరాల భాషలో చెబితే రెంటికీ మధ్యన పడుతుంది. కాని ఆ భాష నోటికి వచ్చేలోగా బుర్హానుద్దీన్ అందుకున్నాడు.

"ఏర్పాటేం లేదమ్మా. సార్లిద్దరూ గుర్రాలు చూద్దామని తప్పొచ్చిన్రు. ఇప్పుడే కారు సుట్టు తిరుక్కుంట కొట్లాడిన్రు, తప్పు నీదంటే నీదని."

మాలతి తండ్రిని చూడకుండా డేరా కప్పును చూసింది.

సుమలత చెంగుతో ముఖం తుడుచుకుని, బొంగురు గొంతుతో అంది: "ఇసొంటి తప్పు చేసినోళ్ళు చల్లగుండాలె. కాశీకి వాళ్ళే పెద్ద. ఎవలు చేసిన్రు, చెప్పున్రి."

సుధాకరరావుగారు నోరు తెరిచేలోపల గజేందర్‌గారు ఒక అడుగు ముందుకు వేశారు.

"తప్పు నాదే," అన్నారు.

సుధాకరరావుగారికి కాళ్ళ కింద తివాచీ కదిలినట్టయింది. అర్ధగంట క్రితం దాకా తన నెత్తిన రుద్దిన తప్పును ఇప్పుడు ఈ మనిషి దర్జాగా ఎత్తుకుపోతున్నాడు. ఆయన తన హక్కును శాఖాపరంగా స్థాపించబోయారు. మలుపు లేనిదే గేటు లేదు, గేటు లేనిదే ముసలాయన లేడు, ముసలాయన లేనిదే తర్జుమా లేదు. కనుక మూలమైన తప్పు తనదని, తరువాతివన్నీ దానికి అనుబంధాలనీ వాదించారు. గజేందర్‌గారు డిపోలో ఎన్నో యూనియన్లతో మాట్లాడినవారు. మలుపు ఒక్కటే తప్పయితే ఏమయ్యేది బావగారూ, గుర్రాలు లేవనగానే కారు తిప్పుకుని పోయేవాళ్ళం. నేను మాట తప్పు చెప్పబట్టే లోపలికి వచ్చినం. కాబట్టి పనికొచ్చిన తప్పు నాది, నీది ఉత్త పెట్రోలు ఖర్చు అన్నారు.

ఈ వాదన బలంగా ఉన్నదని సుధాకరరావుగారికి తెలిసింది. తెలిసే ఆయన జేబులోంచి కలం తీశారు. క్షేత్రంవారి జవాబు అచ్చు తీసుకుని జేబులో పెట్టుకున్న కాగితాన్ని తిరగేసి, మోకాలి మీద పెట్టుకుని రాయసాగారు. సర్వీసులో ఎన్ని వందలమంది చేత సంజాయిషీలు రాయించారో గాని, తన పేర ఒకటి రాసుకోవడం ఇదే మొదలు. అయినా చెయ్యి ఎక్కడా తడబడలేదు. నీళ్ళ ట్యాంకుకు పడమర, ఎడమ వైపున, చక్రాల జాడను బండి బాటగా పరిగణించి, అట్టి బాటను దారిగా లెక్కించి, తద్వారా నలుగురు కుటుంబ సభ్యులను, నడుపుతున్న కూతురుతో సహా, ఉద్దేశించని చోటికి చేర్చిన పూర్తి బాధ్యత నాది. ఈ విషయమున మరెవ్వరి ప్రమేయమూ లేదు. కింద సంతకం, హోదా, విరమణ తేదీ.

"కింద నేను కూడ ఒక సంతకం పెడ్త, ఇటియ్యి బావగారూ," అన్నారు గజేందర్‌గారు, కాగితం కోసం చెయ్యి చాచి.

సుధాకరరావుగారు కాగితాన్ని వీపు వెనుక దాచారు.

ఈ రగడ అంతా ఫహద్ అర్థం కాకపోయినా శ్రద్ధగా గమనిస్తున్నాడు. అతిథులు తన డేరాలో తగవులాడుకుంటున్నారంటే లోపం తనదే అయి ఉంటుందని నొచ్చుకున్నాడు. విషయమేమిటని మాలతిని అడిగాడు. తప్పు ఎవరిదన్న దాని మీద చర్చ అని ఆమె ఇంగ్లీషులో చెప్పింది. ఫహద్ వెంటనే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, తప్పు వారిద్దరిదీ కాదు, నాది; ఈ గేటుకు బోర్డు పెట్టించమని మా నాన్న చెప్పి మూడేళ్ళయింది అన్నాడు.

కాశీ యాత్ర పెత్తనానికి మూడవ అభ్యర్థి, అందునా ఈ దేశస్థుడు, బరిలోకి దిగుతాడని సుధాకరరావుగారు కలలో కూడా అనుకోలేదు. ఆయన లేచి నిలబడి, ఎంతో గౌరవంతో, వీలైనంత శుద్ధమైన ఇంగ్లీషులో, తమ ఔదార్యానికి కృతజ్ఞుడనని, అయితే ఈ తప్పు సంపూర్ణంగా తన స్వార్జితమని, ఇందులో ఎవరికీ వాటా ఇచ్చే ప్రసక్తి లేదని ఫహద్‌కు తెలియజేశారు. ఫహద్ తలవంచి, పోటీ నుంచి తప్పుకున్నాడు.

ఆ కాగితం చివరకు శ్యామల చేతికి వచ్చింది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివర దాకా చదివింది. సంతకం దగ్గర కొంచెంసేపు ఆగింది. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో ఇటువంటి పత్రం ఒకటి చూస్తానని ఆమె ఆశపడి ఉండదు. నాలుగు మడతలు పెట్టి జాగ్రత్తగా హ్యాండ్‌బ్యాగులో, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, సుమలత వైపు చూసింది. సుమలత తల ఊపింది.

"సరేనండీ, కాశీకి మీరే పెద్ద," అంది శ్యామల. "మీరు ఎటు తీసుకెళ్తే అటే వస్తాం. అది కాశీ కాకపోయినా దిగి చూస్తాం."

ఇది ప్రశంస అవునో కాదో సుధాకరరావుగారికి అంతు పట్టలేదు. అయినా పెత్తనం పెత్తనమే కనుక వినయంగా స్వీకరించారు.

గజేందర్‌గారు తివాచీ మీద కూలబడి, మరి నా సంగతేందని భార్యను అడిగారు.

"నువ్వు లేకుంటే ఎట్ల?" అంది సుమలత. "బావగారు ఏ గేటు ముందట దింపుతరో ఏమో. లోపలికి పొమ్మన్నరని చెప్పెటోడొకడు ఉండాలె గద."